తొమ్మిది పేర్లూ, మా ఇంటి బడాఖానా

మా శాంత పెద్దమ్మ ఫోను చేసిందంటే ఎవరో పోయారని గానీ, పోవడానికి సిద్ధంగా ఉన్నారని గానీ అర్థం. ఎనభై దాటిన మనిషి. ఉత్త కుశలం అడగడానికి ఫోను చేయడం దండగని ఆమె నమ్మకం. అందుకే మొన్నొక మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మా ఇంట్లో అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, మోగుతున్న ఫోను మీద ఆమె పేరు చూసి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "రూతూ, ఒకడు తప్పిపోయినాడు మే" అంది. ఎవరు పెద్దమ్మా అని అడిగితే, "అది తెలిస్తే నీకెందుకు చేస్తా ఫోను?" అని కసిరింది. ఇంకో రెండు కసుర్లు తిన్న తర్వాత తేలిందేమిటంటే, తప్పిపోయింది బతికున్న మనిషి కాదు. ఎప్పుడో యుద్ధంలో పోయినవాడు. జమ్మలమడుగులోని మా పాత ఇంట్లో ఏడాదికొకసారి పేరుపేరునా పిలుచుకునే తొమ్మిది మంది సిపాయిల్లో ఒకడి పేరు ఆమెకు జారిపోయింది. ఈమధ్యే ఆమెకు చిన్న స్ట్రోకు వచ్చింది. మూతి కొంచెం పక్కకు పోయింది గానీ నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయిందల్లా ఆ ఒక్క పేరే. ఆ పేరు దొరకకుండా తాను పోతే, వాడు ఈ భూమ్మీద ఎవరికీ లేకుండా పోతాడని ఆమె బెంగ.

ఇది అర్థం కావాలంటే మా దేవదానం పెద్దనాయన సంగతి చెప్పాలి. మిషను దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. మా కుటుంబాల్లో మగపిల్లలకు అప్పట్లో రెండే దారులు, టీచరు ట్రైనింగు లేదా మిలిటరీ. మా నాయనకు చదువు అబ్బింది, టీచరయ్యాడు. ఆయన అన్న దేవదానానికి చదువుకు బదులు ఎత్తు అబ్బింది, మిలిటరీకి పోయాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన పటాలం ఏదో నది అవతల ఒక ఊరి దగ్గర చెరువుగట్టు లాంటి దాన్ని పట్టుకుని వదలకుండా నిలబడిందట. యుద్ధం అయ్యాక ఆ ఊరి పేరుతో పటాలం మొత్తానికి గౌరవం దక్కింది. ఎవరి రొమ్ముకూ గుచ్చే పతకం కాదది. పటాలం పేరు పక్కన ఆ ఊరి పేరు ఎప్పటికీ నిలిచిపోతుంది. అందులో పనిచేసిన వంటవాడి దగ్గరి నుంచి కర్నలు దాకా అందరూ ఆ గౌరవానికి వారసులే. ఏటా ఆ రోజున పటాలంలో బడాఖానా, అంటే పెద్ద విందు జరుగుతుంది. ఆ విందులో ఆఫీసర్లు గరిటెలు పట్టుకుని సిపాయిలకు వడ్డిస్తారు. పింఛను తీసుకుని ఇంటికొచ్చిన పెద్దనాయన, ట్రంకుపెట్టెతోబాటు ఈ ఆచారాన్ని కూడా మోసుకొచ్చి మా నడవలో దించాడు.

పటాలం మొత్తానికి ఇచ్చిన గౌరవం అనేది మా ఊళ్ళో ఎవరి తలకూ ఎక్కలేదు. "నీకేమిచ్చినారు దేవదానం?" అని అడిగేవాళ్ళు. "నాకేమీ ఇయ్యల్యా. పటాలానికి ఇచ్చినారు." "ఆ పటాలంలో నువ్వుండావా?" "ఉండా." "అయితే నీకిచ్చినట్టేనా?" "నాకిచ్చినట్టే." "మరి ఏదీ, చూపీ?" చూపించడానికి ఏమీ లేదు. ఇంటి ఎదురుగా బట్టల అంగడి పెట్టుకున్న శెట్టి ఒకసారి ఈ మొత్తం విచారణ విని, "అందరికీ పంచేదాన్ని ప్రసాదం అంటారప్పా, బిరుదనరు" అని తేల్చేశాడు. పెద్దనాయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "ప్రసాదమే అనుకో శెట్టీ. మాకు చర్చిలో రొట్టె ఇస్తారే, అదీ అట్లాంటిదే. యోగ్యత చూసి ఇస్తే ఒక్కనికీ అందదు" అన్నాడు. ఆ మాట విని మా జేజి, అంటే ఆయన తల్లి, దేవుని రొట్టెనూ మిలిటరీ కూటినీ ఒకటి చేశాడని వారం రోజులు సణిగింది.

సంఘం వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. మావాడు ఒక వీరుడు ఉండగా సన్మానం చేయకపోతే ఎట్లా అని, కోతపండుగ నాడు కోళ్ళూ గుమ్మడికాయలూ వేలం వేసే ముందు ఆయన్ను పీఠం దగ్గరికి పిలిచి బంతిపూల దండ వేశారు. పాస్టరు అయ్యగారు దావీదు, గొల్యాతు కథతో మొదలుపెట్టి, మన దేవదానం ఒంటిచేత్తో శత్రువుల గుంపును తరిమాడని ముగించారు. పెద్దనాయన దండ సర్దుకుని మైకు ముందుకు వచ్చాడు. "అయ్యగారు చెప్పింది అబద్ధం. ఆ దినం నా సెక్షన్‌లో పదిమందిమి. తొమ్మిది మంది గట్టు మిందికి పోయినారు. నేను పోల్యా. ముందర దినం కుంట నీళ్ళు తాగి నాకు బేదులు పట్టుకున్యాయి. వాండ్లు పోరాడుతాంటే నేను ఆసుపత్రి డేరా ఎనక చెంబు పట్టుకోని కూర్చోనుండా. తొమ్మిది మందీ తిరిగి రాల్యా. గట్టు మాత్రం ఇడవల్యా. దండ వాండ్లకు ఎయ్యాల" అన్నాడు. అయ్యగారు దగ్గడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. వెనక వరుసలో ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఆపైన వేలం మొదలైంది. ఆ ఏడు ఒక్క పుంజుకు కూడా మంచి ధర పలకలేదనీ, అది దేవదానం నోటి పుణ్యమేననీ సంఘపెద్దలు చాలా కాలం చెప్పుకున్నారు. బడిలో నన్ను కొన్నాళ్ళు 'బేదుల వీరుడి కూతురు' అన్నారు. ఆయన మా నాయన కాదు, పెద్దనాయన అని నేను దిద్దేదాన్ని, అదేదో గొప్ప తేడా అయినట్టు.

కానీ ఆ రోజున, అంటే పటాలం గౌరవదినాన, మా ఇంట్లో నవ్వు లేదు. తెల్లవారేసరికి పెరట్లో గోడకు అద్దం ఆనించుకుని పెద్దనాయన గడ్డం గీసుకునేవాడు. ఇత్తడి గుండీలు రుద్దే పాలిషు వాసన, కిరోసిను స్టవ్వు వాసన, వేగే ఉల్లిపాయల వాసన కలిసిపోయేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ కలిస్తే నేను నిటారుగా నిలబడతాను. ఆ రోజు వంటింట్లోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. పెద్దనాయన నాటుకోడి పులుసు పెట్టేవాడు. పూరీలు పటాలం కొలతలో చేసేవాడు కాబట్టి ఒక్కొక్కటీ మా తలంత ఉండేది. మా నాయన ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుని రోట్లో చెనిక్కాయలు నూరేవాడు. బడిలో పిల్లల వీపులు నూరడం అలవాటున్న మనిషికి అది కష్టంగానే ఉండేది. నడవలో చాప పరిచి జేజినీ, పెద్దమ్మనూ, మా అమ్మనూ, పిల్లలందరినీ కూర్చోబెట్టి మగవాళ్ళు వడ్డించాలి. "మొగోళ్ళు ఒడ్డిస్తే కడుపుకు పట్టదు రా" అని జేజి ప్రతి ఏడూ గొణిగేది. ప్రతి ఏడూ రెండోసారి అడిగి వేయించుకునేది. శెట్టి భార్య కోడి తినదు గానీ, మగవాళ్ళు ఆడవాళ్ళకు వడ్డించే వింత చూడ్డానికి ఏదో ఒక సాకు పెట్టుకుని వచ్చి గడపలో నిలబడేది.

వడ్డించే ముందు హాజరు. అదీ అసలు సంగతి. పెద్దనాయన నడవ మధ్యలో నిటారుగా నిలబడి ఆ తొమ్మిది పేర్లనూ ఒక్కొక్కటిగా పిలిచేవాడు. ప్రతి పేరునూ మాలో ఒకరికి అప్పగించాడు. ఆ పేరు వినబడగానే వాళ్ళు లేచి 'హాజిర్ హై' అనాలి. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావవి, పటాలంలో ఒకరినొకరు పిలుచుకున్న పేర్లు. నాకు కుట్టప్పన్ వచ్చాడు. ఆయన కేరళ మనిషనీ, చన్నీళ్ళకు భయపడేవాడనీ మాత్రమే నాకు తెలుసు. మా తమ్ముడు జానుకు పీర్‌సాబ్ వచ్చాడు. జేజికి హవల్దార్ చిన్నసామి. ఆమెకు హవల్దార్ అన్న హోదా బాగా నచ్చి, ఆ ఒక్క రోజు కోడళ్ళ మీద అధికారం ఇంకొంచెం పెంచేది. లంబూ అంటే హిందీలో పొడుగోడట, ఆ పేరు కోసం పిల్లల్లో కొట్లాట జరిగేది. మిగిలిన పేర్లు నాకు ఎప్పుడూ సరిగ్గా వినబడలేదు. ఎందుకంటే పిలిచిన వెంటనే పలక్కపోతే కోడికాలు పక్కవాళ్ళకు పోయేది. అందరం ఎవరి పేరు కోసం వాళ్ళం చెవులు రిక్కించుకుని, పలికేశాక ఇక గిన్నె వైపే చూసేవాళ్ళం. కాయితం మీద రాసుకుందామని ఒకసారి మా నాయన అంటే పెద్దనాయన ఒప్పుకోలేదు. "రాస్తే బీరువాలో పెడతారు. నోట్లో ఉంటేనే మనుషులు" అన్నాడు. మన దాంట్లో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదు కదా అని అయ్యగారు హెచ్చరిస్తే, "నేను ప్రార్థన చేస్తాండానా అయ్యగారూ? హాజరు తీసుకుంటాండా" అన్నాడు.

తర్వాత అందరం చెదిరిపోయాం. నేను టీచరుగా లింగాల చుట్టుపక్కల పల్లెల్లో తిరిగాను. ఆ రోజున సెలవు దొరికేది కాదు. దొరికినా, నిజం చెప్పాలంటే, కుట్టప్పన్ కోసం రెండు బస్సులు మారే ఓపిక ఉండేది కాదు. పెద్దనాయనకు షుగరు వచ్చింది, కాలు తీసేశారు, కొన్నాళ్ళకు పోయాడు. ఆయన పోయిన ఆ ఏడాదే గౌరవదినాన ఆయన పటం ముందు అందరం కూడాం. ఇక పెద్దమ్మే హాజరు తీసుకోవాలి. ఆమె పిలవడం మొదలుపెట్టబోతుంటే ఆమె కొడుకు సుందరన్న అడ్డం వచ్చి, చివరన నాయన పేరు కూడా పిలవమన్నాడు. ఆయన కూడా ఆ సెక్షన్ మనిషే, పదో మనిషి అన్నాడు. పెద్దమ్మ, "ఆయన యుద్ధంలో పోల్యా, షుగరుతో పోయినాడు. మైసూరుపాకు తిని సచ్చినోన్ని వాండ్లల్లో ఎట్ల కలుపుతావురా?" అంది. నవ్వాలో వద్దో మాకెవరికీ తెలియలేదు. సుందరన్న అరిచాడు, గడప దాటాడు, పులివెందులలో తన ఇంటికి పోయాడు. పండుగలకు డబ్బూ మందులూ పంపేవాడు గానీ ఆ ఇంటి మెట్టెక్కలేదు. అప్పటి నుంచి ఆ రోజున పెద్దమ్మ ఒక్కతే తొమ్మిది పేర్లూ పిలిచి, తొమ్మిదిసార్లూ తానే పలికి, వండుకున్నది తానే వడ్డించుకునేదట. ఆ సంగతి నాకు మొన్న ఫోనులోనే తెలిసింది. వినడానికి నవ్వులాటగానే ఉంది. నేను మాత్రం ఫోను పెట్టేయగానే చెప్పులేసుకున్నాను.

జమ్మలమడుగు వెళ్ళి ఆమె ఎదుట కూర్చున్నాను. ఎనిమిది పేర్లు గడగడా చెప్పింది. తొమ్మిదో దగ్గర నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఫోనులో వెతుకుదామన్నాను. అమరుల పేర్లు వందలు వందలుగా వచ్చాయి, అన్నీ అసలు పేర్లే. ఒక్కొక్కటీ చదువుతుంటే చెయ్యెత్తి ఆపింది. "వీండ్లందరినీ నేనేం జేసుకోను మే? మాయన పిలిచినోడు కావాల." ఏ పేరుకు ఎవరు పలికేవాళ్ళో ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ పోతే మిగిలింది సుందరన్న ఒక్కడే. తప్పిపోయినవాడు సుందరన్న మనిషి. ఆ సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు. కొడుక్కు తాను ఫోను చేయదు కాబట్టి నాకు చేసింది.

ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. దారి పొడవునా ప్రతి ఊళ్ళోనూ స్వాగతతోరణం, ప్రతి సర్కిల్లోనూ ఒక విగ్రహం, ప్రతి స్తంభానికీ ఒక ఫ్లెక్సీ. ఈరోజుల్లో వీరుడు కావడానికి పుట్టినరోజు వస్తే చాలు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నాకూ ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డు ఉంది. దానికి దరఖాస్తు పెట్టుకున్నది నేనే, నా సుగుణాలన్నీ వరసగా రాసుకున్నదీ నేనే. ఆ జ్ఞాపిక హాల్లో టీవీ పక్కన ఉంది, వచ్చినవాళ్ళు చూడకపోతే నేనే దుమ్ము తుడిచే వంకతో చూపిస్తాను. పెద్దనాయన చూపించడానికి ఏమీ లేని గౌరవాన్ని ఏడాదికొకసారి కోడిపులుసుతో మాకందరికీ పంచాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నా జ్ఞాపిక మరీ పల్చగా కనబడింది. ఇంటికెళ్ళాక దాన్ని లోపల పెట్టేస్తానని మాత్రం నేను చెప్పను.

సుందరన్న డ్రిప్పు పైపుల అంగట్లో, చుట్టలు చుట్టలుగా పేర్చిన నల్ల పైపుల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏంది మే, దారి తప్పినావా?" అన్నాడు. "తప్పింది నేను గాదన్నా, నీ మనిషి" అని సంగతంతా చెప్పాను. చీనీకాయ రసం తెప్పించాడు. ఒక పైపు ముక్కను తిప్పుతూ, "నాకు గుర్తుండాడు" అన్నాడు.

"అయితే చెప్పు, రాసుకోని పోతా."

"చెప్పను. ఆ దినం నేనే వస్తా. నాయన పేరు పిలిస్తే అప్పుడు చెప్తా. లేదంటే ల్యా."

"ముసలామె అన్నా. ఒళ్ళు బాగలేదు."

"నాయన శానా ఏండ్లు అందరి పేర్లూ పిల్చినాడు మే. ఆయన పేరు పిలిచేదానికి ఒక్కరూ లేరా? కన్నతల్లి గాబట్టి ఊరుకుండా. లేకుంటే మైసూరుపాకు మాటకు..." అని పైపు ముక్కను బల్ల మీద విసిరేశాడు. అరవై ఐదేళ్ళ మనిషి కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్దమ్మకు ఈ బేరం చెబితే, "రానీ" అంది, అంతే.

గౌరవదినాన సుందరన్న వచ్చాడు. గడపలో కాసేపు నిలబడ్డాడు. పెద్దమ్మ తలెత్తకుండా, "వంటింట్లో ఉల్లిగడ్డలుండాయి" అంది. చొక్కా చేతులు మడుచుకుని లోపలికి పోయాడు. జాను కూడా వచ్చాడు. ఇద్దరూ కలిసి పులుసులో ఉప్పు ఎక్కువ వేశారు. నేనూ పెద్దమ్మా చాప మీద కూర్చున్నాం. ఆమె కింద కూర్చోకూడదని డాక్టరు చెప్పిన సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గిన్నెలు తెచ్చి ముందు పెట్టారు. పెద్దమ్మ వంకర మూతితోనే గొంతు పెంచి, "హవల్దార్ చిన్నసామీ!" అని పిలిచింది. జేజి లేదు కాబట్టి నేను పలికాను. కుట్టప్పన్‌కు పలికాను. పీర్‌సాబ్‌కు జాను పలికాడు. ఎవరూ లేనివాళ్ళకు నేనూ జానూ వంతులేసుకున్నాం. ఎనిమిది అయ్యాయి. పెద్దమ్మ ఆగి కొడుకు వైపు చూసింది. ఆయన గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"నాయన పేరు పిలువు, చెప్తా."

"పిలవను."

"ఎందుకు పిలవవు? మళ్ళా షుగరు కత చెప్తావా?"

"చెప్తా, ఇను. కాలు తీసేదానికి తోలకపోయే ముందర నా చెయ్యి పట్టుకున్యాడు మీ నాయన. శాంతా, నేను పోయినంక నన్ను వాండ్లల్లో కలిపి పిలవొద్దే అన్యాడు. వాండ్లు గట్టు మింద పోయినారు, నేను డేరా ఎనక చెంబు పట్టుకోనుండా. వాండ్ల పక్కన నా పేరు పెడితే వాండ్లకు నా మొగం ఎట్ల చూపియ్యాల అన్యాడు. నవ్వుతా చెప్తాండాడేమో అని చూసినా. ఏడుస్తాండాడు. ఆయప్ప ఏడ్చింది నేను చూసింది అదొక్కసారే."

సుందరన్న చేతులు విడిపోయాయి. "ఆ మాట నాకెందుకు చెప్పల్యా మా?"

"నువ్వు యాడ అడిగినావురా? పటం ముందర పదిమందిలో నిలబడి అరిసినావు. మీ నాయనకు సిగ్గంట అని ఆ పదిమందిలో చెప్పమంటావా? చర్చిలో చెప్పుకుంటే అది ఆయన ఇష్టం. నేను చెప్పేదానికి అది నా సొత్తా?"

పులుసు మీద నూనె గడ్డకట్టడం చూస్తూ కూర్చున్నాను. నాకు ఆమె మీద కోపమొచ్చింది, ఇన్నేళ్ళూ ఒక మాట మింగి కొడుకును పోగొట్టుకున్నందుకు. అంతకంటే ఎక్కువగా ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. సుందరన్న గోడ దగ్గర నుంచి వచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"తంబి" అన్నాడు.

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. "తంబి! మా తల్లే, తంబి!"

"అసలు పేరు నాయనకే తెలీదంట మా. చేరి శానా దినాలు కాల్యా, అందరికంటే చిన్నోడు. అందరూ అరవంలో తంబీ, తమ్ముడా అని పిలుస్తాంటే ఈయన అడగల్యా. పేరు తెలీనోడు కాబట్టి వేరే పిల్లోళ్ళకు ఇయ్యబుద్ధి కాక నాకిచ్చినాడంట. నువ్వు పలుకు, నా కొడుకువి గదా అన్యాడు."

పెద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, వీపు నిలబెట్టుకుని, వీధిలోకి వినబడేట్టు "తంబీ!" అని పిలిచింది.

"హాజిర్ హై" అన్నాడు సుందరన్న. వంగి గరిటె అందుకున్నాడు గానీ వడ్డించలేదు. గిన్నె మీదికి వంగే, తల్లి మొహం చూడకుండా అడిగాడు, "మరి నాయన్ను ఎవురు పిలవాల మా?"

"నేను పిలుస్తాండా గదరా, దినామూ. పొద్దున స్టవ్వు ముట్టించేటప్పుడు ఒకసారి, మాత్రలు యాడ పెట్టినానో కనపడకపోతే ఇంగోసారి. పలికిన దినం చెప్తాలే. ఒడ్డించు, బువ్వ సల్లారిపోతాంది."